జడ బొమ్మ ఉన్న డబ్బా

ఇల్లందు నుంచి టేకులపల్లి పోయే రోడ్డు మీద, టేకుచెట్లు దగ్గరపడే చోట, పంపులూ మోటార్లూ రిపేరు చేసే షెడ్డు ఒకటుంది. అందులో నేను స్టోరు చూస్తాను. గనుల్లో నీళ్లు తోడే పంపులు వస్తాయి, పొలాల్లో కాలిపోయిన మోటార్లు వస్తాయి. వాటిని విప్పేవాళ్లూ బిగించేవాళ్లూ అందరూ కలిపి పద్నాలుగు మందిమి. నట్టు కావాలన్నా, బేరింగు కావాలన్నా ఎవరైనా నా కిటికీ ముందుకు రావాల్సిందే.

రావడం వస్తారు గానీ, వచ్చాక నేను ఇచ్చేదేమీ ఉండేది కాదు. ఏ వస్తువు ఎక్కడుందో నాకూ తెలిసేది కాదు. తెలిసిన మనిషి ఒక్కడే, మా పెద్దమేస్త్రి. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ముప్పై ఏళ్లుగా పంపులు విప్పుతున్నాడు. "ఆ నీలం డ్రమ్ము ఎనక సంచి ఉంటది, సంచిల పాలడబ్బా ఉంటది, దాంట్ల సూడు" అనేవాడు, తల కూడా ఎత్తకుండా. చూస్తే ఉండేది.

పోయిన వానాకాలానికి ముందు మా ఓనరు నన్ను ఖమ్మంలో రెండు రోజుల ట్రైనింగుకు పంపించాడు. ఫ్యాక్టరీల్లో, వర్కుషాపుల్లో వస్తువులు వెతుక్కోకుండా పని జరగాలంటే ఏం చేయాలో చెప్పే ట్రైనింగు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు చూపించాడు. నేల మీద పసుపు గీతలు, గోడ మీద పనిముట్ల నీడలు, డబ్బాల మీద పేర్లు. "వస్తువు ఎక్కడుందో కన్ను చెప్పాలి, నోరు అడగకూడదు" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కేసింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని ఎదుటి సీటు వెనక ఏం లేబుల్ అంటించాలా అని ఆలోచించాను.

ఓనరు లేబుళ్లు కొట్టే చిన్న మిషను కొనిచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అక్షరాలు నొక్కితే తెల్లటి పట్టీ మీద పేరు అచ్చయి బయటికి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలే వచ్చేవి. వస్తే ఏమైంది, చూడ్డానికి పెద్ద కంపెనీలా ఉంటుంది అనుకున్నాను. దాంతో పాటు నేల మీద అంటించే పసుపు టేపు ఆరు చుట్టలు. ఆ నెల రోజులు నేను నేను కాదు. చేతిలో మిషను ఉంటే అధికారం వచ్చినట్టే ఉంటుంది. డబ్బాలకు అంటించాను. డబ్బాల మూతలకు అంటించాను. డబ్బాలు పెట్టే అరలకు అంటించాను. చీపురుకు అంటించాను, చీపురు పెట్టే మూలకూ అంటించాను. నేల మీద నడిచే దారికి పసుపు గీతలు, తోపుడుబండి నిలిపే చోట పసుపు చదరం. ఆ చదరంలో బండి ఒక్కరోజు కూడా నిలబడలేదు. మా గేటు దగ్గర తిరిగే ఎర్రకుక్క మొదటిరోజే వచ్చి, గీతకు తోక కూడా తగలకుండా సరిగ్గా మధ్యలో పడుకుంది. షెడ్డులో నా రూలు పాటించిన మొదటి ప్రాణి అదే.

విప్పిన సామాన్లను డీజిల్ తట్టలో కడిగే ఆమె ఒకామె ఉండేది. టేకులపల్లి అవతల అడవి పల్లె నుంచి వస్తుంది. ఇంట్లో కోయభాష, మా దగ్గర తెలుగు. మాట తక్కువ. ఆమెకు చదువు రాదని నేనే అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ట్రైనింగులో చదువురాని వాళ్లకు బొమ్మలు పెట్టాలని చెప్పారు కదా అని, డీజిల్ డబ్బాకు నేనే స్వయంగా ఒక బొమ్మ గీశాను. మనిషి డబ్బా ఎత్తి తాగబోతుంటే దాని మీద అడ్డంగా ఎర్రగీత. నా బొమ్మలో ఆ మనిషి డబ్బాను ముద్దు పెట్టుకుంటున్నట్టు వచ్చాడు. అయినా ఆమెను నిలబెట్టి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, "ఇది... తాగొద్దు... విషం... తెలిసిందా?" అని పది నిమిషాలు చెప్పాను.

ఆమె బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "ముద్దు కూడ పెట్టుకోవద్దా అక్కా?" అంది.

వెనకాల వెల్డరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

పెద్దమేస్త్రితోనే నాకు తంటా వచ్చింది. లేబుళ్లు వచ్చిన మొదటి వారం ఆయన తీసిన వస్తువు తీసిన చోట పెట్టలేదు. స్ప్రింగుల డబ్బాలో వాషర్లు, వాషర్ల డబ్బాలో క్లిప్పులు. పాత పాలడబ్బాలు నేను పారేసినందుకు పంతం పట్టాడనుకున్నాను. ఒకరోజు అందరి ముందే అనేశాను. "ఇంత పెద్దగా రాసి పెట్టిన కద పెద్దమేస్త్రీ, కండ్లు కనబడ్తలేవా?"

ఆయన కోప్పడలేదు. జేబు తడుముకున్నాడు. "అద్దాలు ఇంట్ల మర్చిన బిడ్డా" అన్నాడు.

"రోజూ మర్చిపోతవా?"

ఆయన స్పానరు తీసుకుని పంపు వైపు తిరిగాడు.

ఆ తర్వాతి వారం నుంచి ఒక్క వస్తువు కూడా తప్పు డబ్బాలో పడలేదు. నేను తిట్టిన తిట్టు పనిచేసిందని మురిసిపోయాను. ఓనరుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. సరిగ్గా అదే వారంలో దొంగ లేబుళ్లు మొదలయ్యాయి.

మొదటిది ఫ్యాను స్విచ్చు కింద దొరికింది. నా పసుపు టేపే, చిన్న ముక్క చించి, మార్కరు పెన్నుతో గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసి ఉంది. "ఫ్యాను. చూచుటకు మాత్రమే." ఆ ఫ్యాను తిరగక ఏడాదైంది, నిజమే. మర్నాడు టీ ఫ్లాస్కు మీద, "లోపల ఉన్నది టీ అని అనుమానం." తర్వాత ఓనరు కుర్చీకి, "సారు వచ్చినప్పుడు తుడువవలెను." వెల్డరు సద్దిగిన్నె మీద, "వంకాయ. నిన్నటిది." ఎర్రకుక్క మెడకు పట్టీలా చుట్టి, "కుక్క. ఉన్నది ఒకటి. కనీస నిల్వ ఒకటి." కనీస నిల్వ అన్నది నా మాట. ఏ వస్తువు ఎన్నికి తగ్గకూడదో ప్రతి డబ్బా గురించీ నేను పొద్దున్నే అందరికీ అరిచి చెప్పే మాట. అంటే ఎవరో నన్ను శ్రద్ధగా వింటున్నారు.

చివరికి నా బల్లకే వచ్చింది. "అరుపులు. ఉదయం తొమ్మిది నుండి. తాకరాదు."

నాకు ఒళ్లు మండింది. మనసులో నవ్వు కూడా వచ్చింది గానీ దాన్ని బయటికి రానివ్వలేదు. వెల్డరే చేశాడని నా అనుమానం. అతను ఒప్పుకోలేదు. "నా వంకాయ కూర మీద నేనే రాసుకుంటనా మేడం?" అని ఒట్టు పెట్టాడు. సరే, దొంగను పట్టుకుందామని ఒక ఉపాయం చేశాను. అందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరితో కాయితం మీద "కనీస నిల్వ" అని రాయించాను. చేతిరాత పోల్చి చూస్తాను కదా. పెద్ద పోలీసులా కుర్చీలో కూర్చున్నాను. కడిగే ఆమెకు రాదు కాబట్టి ఆమెను రాయమనలేదు. ఊరికే నిలబడటం ఎందుకని అట్ట, కాయితం పట్టుకునే పని ఆమెకిచ్చాను. ఒకరు రాశాక ఇంకొకరి దగ్గరికి ఆమే తీసుకుపోయింది. పెన్ను ఆగిపోతే ఆమే విదిలించి ఇచ్చింది.

పెద్దమేస్త్రి వంతు వచ్చినప్పుడు మాత్రం గొడవైంది.

"నా చేతుల నిండ గ్రీజు ఉన్నది" అన్నాడు.

"తుడుచుకొని రాయి."

"ఈ వయసుల నాకు పరీక్ష పెడ్తవా? రాయను పో."

ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందరూ నేల చూశారు. కడిగే ఆమె అట్ట పట్టుకుని ఇద్దరి మధ్యకు వచ్చి, "పంపు మీద నీళ్లు కార్తున్నయ్ పెద్దబాపూ, జల్దీ సూడు" అంది. ఆయన వెళ్లిపోయాడు. పంపులో నీళ్లే లేవని నాకు తర్వాత తట్టింది. కాయితాల్లో ఏ రాతా ఆ గుండ్రటి రాతతో కలవలేదు. పదకొండు మందీ రాశారు, దొంగ దొరకలేదు.

ఆ పరిస్థితిలో గని తరఫున ఒక ఇంజనీరు మా షెడ్డు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకు నచ్చితే వాళ్ల పంపులన్నీ మా దగ్గరికే వస్తాయి. నేను ముందురోజు సాయంత్రం దాకా షెడ్డంతా గాలించి దొంగ లేబుళ్లన్నీ పీకేశాను. కుక్క మెడ కూడా చూశాను.

ఇంజనీరు వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వడం రానివాడిలా ఉన్నాడు. పసుపు గీతల మీదుగా నడిచాడు, అరలు చూశాడు, ఒక్కో డబ్బా మూత తీసి లోపలున్నదీ పైన రాసిందీ కలుస్తున్నాయా అని చూశాడు. కలిశాయి. నా గుండె కుదుటపడింది. అప్పుడే ఆయన గోడకున్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె తలుపు తెరిచాడు. తలుపు లోపలి వైపు ఒక పసుపు ముక్క ఉంది. ఆయన గట్టిగా చదివాడు.

"దూది కొంచెం. గోళీలు రెండు. మిగిలినది దేవుని దయ."

ఓనరు నన్ను చూశాడు. నేను వెల్డరును చూశాను. వెల్డరు పైకప్పు చూశాడు.

ఇంజనీరు పెట్టెలోకి తొంగి చూశాడు. దూది కొంచెమే ఉంది. గోళీలు రెండే ఉన్నాయి. "రాసింది సరిగ్గా ఉన్నది" అన్నాడు. మూతి పక్కన ఏదో కదిలింది, నవ్వే అయ్యుండాలి. "కానీ రేపటి లోపు ఇది మారాలె." తర్వాత వెనక్కి తిరిగి, అందర్లోకీ పెద్దవాడని పెద్దమేస్త్రిని వేలితో చూపించాడు. "రాసుడు కాదు, వాడుడు సూడాలె. పెద్దాయనా, పన్నెండు సైజు గ్లాండ్ రోపు, ఒక ఆయిల్ సీలు పట్టుకరా. టైం సూస్త."

గ్లాండ్ రోపు అంటే పంపు ఇరుసు పక్క నుంచి నీళ్లు కారకుండా చుట్టే తాడు, ఆయిల్ సీలు అంటే నూనె కారకుండా ఆపే రబ్బరు చక్రం. పెద్దమేస్త్రి చెయ్యి జేబు మీదికి పోయింది. నాకు ఆ క్షణంలో ఏదో తెలిసీ తెలియనట్టు గుచ్చుకుంది. ఆయన జేబులో అద్దాలు ఎప్పుడూ లేవు. ఆయన అద్దాలు పెట్టుకోగా నేను ఒక్కసారీ చూడలేదు. సన్నటి స్క్రూ గాటు ఆరడుగుల నుంచి కనిపెట్టే మనిషికి అద్దాలెందుకు?

ఆయన మాత్రం చెయ్యి దించి, తిన్నగా మూడో అర దగ్గరికి నడిచాడు. కిందికి వంగాడు. ఒక డబ్బా, ఇంకో డబ్బా. అర నిమిషం పట్టలేదు. తెచ్చి ఇంజనీరు చేతిలో పెట్టాడు. పన్నెండు సైజు తాడే, ఆయిల్ సీలే.

"లేబుళ్లంటే గిట్ల ఉండాలె" అన్నాడు ఇంజనీరు, నన్ను చూసి.

ఆయన వెళ్లిపోయాక నేను మూడో అర దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. నా తెల్లటి ఇంగ్లీషు పట్టీ కింద, డబ్బా అడుగు అంచున, వేలి గోరంత బొమ్మ ఉంది. రిబ్బను కట్టిన జడ. గ్లాండ్ రోపు అచ్చం జడ అల్లినట్టే ఉంటుంది. పక్క డబ్బా మీద మధ్యలో చిల్లున్న గారె. అది ఆయిల్ సీలు. రబ్బరు రింగుల డబ్బాకు గాజు. స్ప్రింగులకు మెలికలు తిరిగిన తీగ. బేరింగు గుంజే పుల్లరుకు రెండు కొండ్లు చాచిన పీత. ఒక్కటీ వదలకుండా ప్రతి డబ్బాకూ ఉంది. సైజులు మామూలు అంకెలే. పెద్దమేస్త్రికి అంకెలు బాగా వచ్చు, స్పానర్లన్నీ అంకెలే కదా. అక్షరాలే రావు. ముప్పై ఏళ్లలో ఆ సంగతి మాలో ఎవరికీ తెలియలేదు. నేను అందరి ముందూ కళ్లు కనబడటం లేదా అని అడిగాను. వరసలో నిలబెట్టి రాయమన్నాను. అరల ముందు అలా కూర్చునే ఉంటే నా చెవులు వేడెక్కాయి.

లేని నీళ్లు చూపించి ఆ రోజు ఆయన్ని రాయకుండా తప్పించింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. కుళాయి దగ్గర ఆమె చేతులు కడుక్కుంటోంది. వెళ్లి నిలబడ్డాను.

"బొమ్మలు నువ్వే గీసినవా?"

"అవ్."

"దొంగ లేబుళ్లు?"

ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. "అవి గూడ."

"నీకు చదువొస్తదా?"

"ఏడు దాక ఆశ్రమ పాఠశాలల సదివిన అక్కా. ఫస్ట్ వచ్చేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే. పైకెల్లి బొమ్మ గీసిచ్చిండ్రు. అంత కష్టపడి గీసినంక చదువొస్తదని ఎట్ల చెప్త?" అంది. కుళాయి కట్టేసి, "మీ బొమ్మ అర్థం కాలే గాని మర్చిపోలే. అట్లనే వచ్చింది ఆలోచన" అంది.

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. ఆమె ఒక్కటే అడిగింది. "మీకు తెల్సినట్టు పెద్దబాపుకు కనబడనియ్యకుండ్రి. నా దగ్గరికి తెచ్చి, అద్దాలు మర్చిన ఏం రాసిందో సూడు అంటడు. నేను చదివి చెప్త. గంతే. చదువు రాదని ఆయన చెప్పలే, నేను అడగలే."

అప్పుడు అర్థమైంది, ఆ అద్దాల మాట నాకంటే ముందే ఆమెతో ఎన్నోసార్లు అన్నాడని.

నాకూ తెలియనట్టు ఉండటం ఎలా? బొమ్మలు గోరంత ఉన్నాయి, ఎప్పుడైనా చెరిగిపోతాయి. పెద్దవి చేయాలంటే ఏదో కారణం కావాలి. అబద్ధమాడాను. మర్నాడు పొద్దున అందర్నీ పిలిచి, "ఇంజనీరు సారు పోయేటప్పుడు చెప్పిండు. అక్షరాలు చాలవంట, అన్నిటికీ రంగులు, బొమ్మలు ఉండాల్నంట" అన్నాను. "ఏ వస్తువు ఏ ఆకారంల ఉంటదో పెద్దమేస్త్రికి తెల్సినట్టు మనకెవలికి తెల్వదు. ఆయన చెప్పాలె, చెల్లె గీయాలె."

పెద్దమేస్త్రి నన్ను కాసేపు చూశాడు. పని ఆ రోజే మొదలుపెట్టాడు. పెద్ద ప్లైవుడ్ చెక్క తెప్పించి, పనిముట్లన్నీ దాని మీద పరిచి, సుద్దతో చుట్టూ గీతలు గీశాడు. ఆ గీతల్లో ఆమె ఎర్రరంగు నింపింది. సుత్తి తీస్తే సుత్తి ఆకారంలో ఎర్రటి ఖాళీ కనిపిస్తుంది. ఎవడో పట్టుకుపోయి తిరిగి పెట్టలేదని అందరికీ తెలిసిపోతుంది. పంపులో తిరిగే రెక్కల చక్రానికి ఏ బొమ్మ పెట్టాలని ఇద్దరూ రెండు రోజులు కొట్లాడారు. ఆమె తామరపువ్వు అంది, ఆయన మురుకు అన్నాడు. మురుకే గెలిచింది.

మురుకు గీస్తున్న రోజు ఆయన నా కిటికీ దగ్గరికి టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఇంజనీరు సారును జీపు దాక సాగనంపింది నేనే బిడ్డా" అన్నాడు. "బొమ్మల ముచ్చట ఎప్పుడన్నడో నాకు ఇనబడలే."

ఆయన టీ తాగి, గ్లాసు పసుపు గీత గీసిన చోటే పెట్టి, "అబద్ధం మంచిగనే ఆడినవ్" అని వెళ్లిపోయాడు. ఆ సంగతి మేము మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

దసరా దాటాక ఆయన కుసుమంచిలో బిడ్డ ఇంటికి నాలుగు రోజులు పోయాడు. పోయిన మర్నాడే గని నుంచి పంపు వచ్చింది. ఇంతకుముందైతే షెడ్డంతా తలకిందులు చేసేవాళ్లం. వెల్డరు ఎర్రచెక్క మీద నుంచి పుల్లరు తీశాడు, ఇంకొకతను గారె బొమ్మ చూసి సీలు తెచ్చాడు. మధ్యాహ్నానికి పంపు బిగించేశాం. రెండింటికి పెద్దమేస్త్రి దగ్గర నుంచి ఫోను.

"పంపొచ్చిందంట కద?"

"వచ్చింది. అయిపోయింది."

"పుల్లరు దొరికిందా?"

"దొరికింది."

"మరి ఒక్కలు గూడ ఫోన్ చేయలేదేంది?" అన్నాడు.

సాయంత్రం మళ్లీ చేశాడు. సీలు ఏ వైపు పెట్టారని అడిగాడు. మర్నాడు పొద్దున ఇంకోసారి. మూడో రోజుకే సంచి పట్టుకుని షెడ్డులో దిగాడు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాకు బాధేసింది. ముప్పై ఏళ్లు ఆయన తలలో ఉన్న షెడ్డును మేం తీసి గోడకు తగిలించేశాం. ఆ తర్వాత పొలం నుంచి వచ్చిన ఒక మోటారు ఎవరికీ అంతుబట్టని చప్పుడు చేసింది. అందరం చెవులు పెట్టి విన్నాం. ఆయన దూరం నుంచే, "ఎనక బేరింగు కాదు, ఇరుసు వంగింది" అన్నాడు. విప్పితే వంగే ఉంది. ఆ చప్పుడుకు ఏ బొమ్మా లేదని అందరికీ అర్థమైంది. ఆయన ముఖం కూడా మామూలైంది.

ఓనరుతో మాట్లాడి ఆమెను డీజిల్ తట్ట నుంచి స్టోరులోకి తెచ్చాను. ఇప్పుడు తాళంచెవులు ఆమె దగ్గరే ఉంటాయి. మొదటిరోజు వచ్చి, కిటికీ దగ్గర నా పక్కన కుర్చీ వేసుకుని, చుట్టూ కలయజూసింది. తర్వాత లేచి ఒక్కో లేబులూ పరీక్షగా చూస్తూ నడిచింది. గోరుతో గీకి కొన్ని పీకేస్తోంది. నేను చూస్తూ కూర్చున్నాను. స్టోరు తలుపు దగ్గర ఆగింది. దాని మీద నేను ఇంగ్లీషులో తలుపు అని అంటించి ఉంచాను.

"ఇది ఎవలికోసం అక్కా?" అని అడిగింది.

నేను చెత్తబుట్టను ఆమె వైపు జరిపాను. ఆమె దాన్నీ పీకి, ఉండచుట్టి, అందులో వేసింది.